మొగిలి ఘాటు దిగే కారుకు కొత్త టైర్లు ముందా, వెనకా?

ప్రశ్న: మేము బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటాం. మా అమ్మగారి ఊరు చిత్తూరు దగ్గర. నెలకు ఒకసారైనా కోలారు, ముళబాగిలు, పలమనేరు మీదుగా వెళ్లివస్తాం. ఎక్కువసార్లు నేనే నడుపుతాను. పక్కన అత్తగారు, వెనక ఇద్దరు పిల్లలు ఉంటారు. మాది చిన్న కారు, ఇంజను శక్తి ముందు చక్రాలకు అందుతుంది. కొని ఐదేళ్లయింది, 41,000 కిలోమీటర్లు తిరిగింది. ముందు టైర్లు బాగా అరిగిపోయాయి, వెనకవి సగానికి పైనే ఉన్నాయి. పిల్లల బడి ఫీజులు కట్టాలి కాబట్టి ఈ నెల నాలుగూ మార్చలేం. రెండు కొందామని దుకాణానికి వెళితే, "కొత్తవి ముందు వేసుకోండి మేడమ్, బ్రేకు, స్టీరింగు అన్నీ ముందే కదా" అన్నారు. మామగారు కూడా, "ముందు టైరు పేలితే బండి చేతిలో ఉండదు" అంటున్నారు. సర్వీసు సెంటర్లో మాత్రం వెనక వేయమన్నారు. ఎవరి మాట వినాలి? వెనకే వేయాలంటే అరిగిపోయినవాటిని ముందు పెట్టుకుని ఎలా నడపాలి?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: కొత్తవి వెనకే వేయించండమ్మా. సర్వీసు సెంటరు వాళ్లు చెప్పిందే సరైన మాట. మిషెలిన్, కాంటినెంటల్ వంటి టైర్ల కంపెనీలు చెప్పేదీ ఇదే. ఇంజను శక్తి ముందు చక్రాలకు అందే కారైనా, వెనక చక్రాలకు అందే కారైనా ఈ సలహా మారదు.

మీ ఉత్తరంలో ఆఖరి వాక్యం మాత్రం నన్ను కలవరపెట్టింది. అరిగిపోయినవాటిని ముందు ఉంచుకోమని సర్వీసు సెంటరు వాళ్లు చెప్పి ఉండరు. ఇప్పుడు ముందున్న జత కారు నుంచి పూర్తిగా దిగిపోవాలి. వెనకున్న జత, అంటే సగానికి పైగా మిగిలి ఉన్న జత, ముందుకు రావాలి. ఖాళీ అయిన వెనక చక్రాలకు కొత్తవి ఎక్కాలి. ఈ చిన్న విషయం దగ్గరే చాలామంది తికమకపడతారు. "కొత్తవి వెనక" అనగానే నున్నగా అరిగిన టైర్లు ముందే ఉండిపోతాయనుకుని, భయపడి, దుకాణం వాళ్లు చెప్పినదానికే తలూపుతారు. ముందు చక్రానికి పనికిరాని టైరు వెనక చక్రానికీ పనికిరాదు. దాన్ని కారులో ఏ మూలా ఉంచకండి. స్టెప్నీగా కూడా వద్దు.

దుకాణం వాళ్ల మాటలో నిజం లేదనడం లేదు. మీలాంటి కారు బరువులో ఇంచుమించు 60 శాతం ముందు ఇరుసు మీదే ఉంటుంది. కారును లాగేదీ, మలుపు తిప్పేదీ, బ్రేకు భారంలో ఎక్కువ పాలు మోసేదీ ముందు చక్రాలే. అందుకే అవి ముందుగా అరిగాయి. ఎక్కువ కష్టపడేవాటికే కొత్తవి ఇవ్వాలని ఎవరికైనా తోస్తుంది. పొడి రోడ్డు మీద ఆ ఆలోచన వల్ల వచ్చే నష్టం పెద్దగా బయటపడదు కూడా, ఎందుకంటే పొడి రోడ్డును సగం అరిగిన టైరూ గట్టిగానే పట్టుకుంటుంది. చిక్కంతా తడిలో వస్తుంది.

ఒక లెక్క చూడండి. టైరు వెడల్పు 165 మిల్లీమీటర్లు, రోడ్డు మీద నీరు 3 మిల్లీమీటర్లు, కారు వేగం గంటకు 80 కిలోమీటర్లు అనుకుందాం. ఆ వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. గుణించి చూస్తే ఒక్కో టైరు ఒక్క సెకనులో దాదాపు 11 లీటర్ల నీటిని దారి నుంచి తప్పించాలి. ఒక చిన్న బిందెడు నీళ్లు! ఆ నీరు పోయేది టైరు మీదున్న గాడుల గుండానే. కొత్త టైరులో గాడి లోతు 7, 8 మిల్లీమీటర్లు ఉంటుంది. అది 2 మిల్లీమీటర్లకు వచ్చేసరికి నీరు పోయే దారి చాలావరకు మూసుకుపోతుంది. పోని నీరు టైరు కిందే పొరలా నిలుస్తుంది, టైరు ఆ పొర మీద తేలుతుంది. తేలిన టైరు తిరగదు, ఆగదు, ఎటు పోతున్నదో దానికే తెలియదు.

తేలేది ముందు టైరా, వెనక టైరా అన్నదానిలోనే మీ ప్రశ్నకు జవాబు ఉంది.

తడి మలుపులో ముందు టైర్లు పట్టు తప్పాయనుకోండి. స్టీరింగు ఉన్నట్టుండి తేలికవుతుంది. ఏదో తేడా వచ్చిందని చేతికి తెలుస్తుంది. కారు మలుపు తిరగకుండా నేరుగా పోవాలని చూస్తుంది. భయంతో యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీసేస్తారు. అప్పుడు చేయవలసింది కూడా అదే. వేగం తగ్గుతుంది, బరువు ముందుకు ఒరుగుతుంది, ముందు టైర్లు మళ్లీ రోడ్డును అందుకుంటాయి. ఏ శిక్షణా లేని మనిషి అదిరిపడి చేసే పనే చాలావరకు కారును దారికి తెస్తుంది.

వెనక టైర్లు పట్టు తప్పితే కథ వేరు. స్టీరింగు చేతిలో ఎప్పటిలాగే ఉంటుంది. దానికి వెనక చక్రాలతో సంబంధం లేదు కాబట్టి చేతికి ఏ కబురూ అందదు. కూర్చున్న సీటు పక్కకు జరుగుతున్నట్టు నడుముకు తెలుస్తుంది, అప్పటికే ఆలస్యమవుతుంది. మళ్లీ అదే భయంతో కాలు తీసేస్తారు. కానీ ఈసారి బరువు ముందుకు ఒరిగి, వెనక భాగం ఇంకా తేలికై, మరింత వేగంగా తిరిగిపోతుంది. బ్రేకు తొక్కితే మరీ ప్రమాదం. అక్కడ చేయవలసింది వెనక భాగం ఏ వైపు జారుతున్నదో ఆ వైపుకే స్టీరింగు తిప్పడం. అదీ రెప్పపాటులో చేయాలి. సరిపడినంతే తిప్పాలి, కారు సర్దుకోగానే వెంటనే వెనక్కి తేవాలి. రేసు డ్రైవర్లు ఏళ్ల తరబడి సాధన చేసి నేర్చుకునే విద్య అది. పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లే మీ నుంచో, నలభై ఏళ్లుగా కార్ల మధ్యే బతికిన నా నుంచో దాన్ని ఆశించకూడదు.

నాకు ఇది పుస్తకం చదివి తెలియలేదు. చాలా ఏళ్ల కిందట, అక్టోబరు నెలలో, కోలారు నుంచి బెంగళూరు వస్తున్నాం. కారుకు కొత్త టైర్లు వేయించి వారం కూడా కాలేదు. దుకాణంలో ముందు వేశారు, నేనూ మారు మాట్లాడలేదు. హొసకోటె ఇంకా కొంత దూరం ఉందనగా వాన పట్టుకుంది. వేగం 70కి మించి లేదు. పెద్ద మలుపు కూడా కాదు, రోడ్డు కొద్దిగా ఎడమకు ఒరుగుతుంది, అంతే. నా భార్య ఒళ్లో టిఫిన్ క్యారియరు ఉంది. ముందు అద్దంలో రోడ్డు పక్క చింతచెట్టు ఎడమ నుంచి కుడికి జరగడం చూశాను. చెట్టు ఎందుకు జరుగుతున్నదా అనుకున్నాను. స్టీరింగు చేతిలో గట్టిగానే ఉంది. కాలు తీశాను. ఆ తర్వాత చెట్టు, పొలం, వెనక వస్తున్న లారీ దీపాలు వరసగా కళ్ల ముందు నుంచి పోయాయి. కారు రోడ్డు దిగి మట్టిలో ఆగేటప్పటికి మేము కోలారు వైపు తిరిగి ఉన్నాం. క్యారియరు మూత ఊడి సాంబారు కాళ్ల దగ్గర పారుతున్నది. లారీ హారను మోగించుకుంటూ పక్క నుంచి వెళ్లిపోయింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. దిగి, వానలోనే వెనక టైరు మీద వేలు పెట్టి చూశాను. గాడిలో గోరు దిగలేదు. ముందు టైర్లకు మాత్రం కొత్త టైర్ల మీద ఉండే రబ్బరు వెంట్రుకలు ఇంకా పోలేదు. ముందు చక్రాలు రోడ్డును గట్టిగా పట్టుకున్నాయి, వెనకవి వదిలేశాయి. కారు బొంగరంలా తిరగడానికి అంతకంటే ఏం కావాలి?

మీరు వెళ్లే దారిలో మొగిలి ఘాటు ఉంది కాబట్టే ఇంత నొక్కి చెబుతున్నాను. పలమనేరు దాటాక బంగారుపాళ్యం వైపు రోడ్డు కిందికి దిగుతూ మలుపులు తిరుగుతుంది. దిగేటప్పుడు కారు బరువు దానంతటదే ముందుకు వాలుతుంది. బ్రేకు తొక్కితే ఇంకా వాలుతుంది. సరిగ్గా మలుపులోనే వెనక చక్రాల మీద బరువు తగ్గుతుంది. పైగా నేరు రోడ్డు మీద ముందు చక్రం నీటిని కొంత తుడిచి వెనక చక్రానికి దారి ఇస్తుంది కానీ, మలుపులో వెనక చక్రం అదే జాడలో నడవదు. తన నీటిని తానే తోసుకోవాలి. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో, లారీలు కార్చిన నూనె మీద నీళ్లు పడినప్పుడు, ఆ ఘాటులో వెనక టైర్లు ఎంత బాగుంటే అంత మంచిది.

మామగారి భయం గురించి. పెద్దాయన మాటను తేలిగ్గా తీసుకోవడం లేదు. ట్యూబులతో, తరచూ టైర్లు పేలే రోజుల్లో బండ్లు నడిపినవారికి ఆ భయం ఉంటుంది. అయితే టైరు పేలేది గాడులు కొంత తగ్గినందువల్ల కాదు. గాలి తక్కువగా ఉండి ఎక్కువ బరువుతో వేగంగా పోతే టైరు పక్కలు వేడెక్కి పేలుతుంది. గుంతలో పడి లోపలి దారాలు తెగి పక్కన బుడిపె లేస్తే పేలుతుంది. పాతబడి రబ్బరు పగుళ్లిస్తే పేలుతుంది. ఆ లక్షణాలున్న టైరును ముందే కాదు, వెనకా వేయకూడదు. ముందు టైరు పేలితే కారు ఒక పక్కకు బలంగా లాగుతుంది, కానీ స్టీరింగు గట్టిగా పట్టుకుని నిదానంగా ఆపే అవకాశం ఉంటుంది. వెనక టైరు పేలితే నేను పైన చెప్పిన తిరుగుడే వస్తుంది. కాబట్టి ఆయన భయానికి కూడా జవాబు కొత్తవి వెనక వేయడమే. మీరే చెబితే నొచ్చుకుంటారనుకుంటే ఈ సమాధానం ఆయన చేతికే ఇవ్వండి.

దీనివల్ల ఒక నష్టం ఉంది, దాచకుండా చెబుతాను. తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసినప్పుడు, ముందు కొత్త టైర్లున్న కారు కంటే మీ కారు కొంచెం ముందుకు పోయి ఆగుతుంది. అందుకే ముందుకు వచ్చే జత నిజంగా బాగుండాలి. "సగానికి పైనే" అని కంటితో చూసి రాశారేమో, ఒకసారి కొలవండి. టైరు లోతు కొలిచే గేజి చాలా తక్కువ ధరకు దొరుకుతుంది. టైరు మధ్య గాడిలో, లోపలి అంచున, బయటి అంచున, ఒక్కో టైరుకు మూడు చోట్ల కొలిచి రాసుకోండి. చట్టం ప్రకారం 1.6 మిల్లీమీటర్ల దాకా నడపవచ్చు. గాడుల అడుగున అక్కడక్కడ అడ్డంగా చిన్న రబ్బరు దిమ్మలు ఉంటాయి. టైరు ఆ దిమ్మలతో సమానమైతే ఆ హద్దు వచ్చినట్టే. కానీ అది పోలీసుల కోసం పెట్టిన హద్దు, ఘాటులో వాన కోసం పెట్టింది కాదు. 3 మిల్లీమీటర్లకు తగ్గిన టైరును వానాకాలంలో నా ఇంట్లో వాళ్లు ఎక్కే కారుకు నేను ఉంచను. మీ వెనక టైర్లు 4కు పైన ఉంటే నిశ్చింతగా ముందుకు తెచ్చుకోండి. 3 దగ్గరలో ఉంటే ఎలాగైనా నాలుగూ మార్చండి.

లోతుతో పాటు వయసూ చూడాలి. టైరు పక్కన అచ్చులో నాలుగు అంకెలు ఉంటాయి. 2320 అని ఉంటే 2020లో 23వ వారం తయారైందని అర్థం. మీవి కారుతో వచ్చినవే అయితే ఐదేళ్లు దాటి ఉంటాయి. ఐదేళ్ల తర్వాత ఏటా ఒకసారి తెలిసినవారితో పరీక్ష చేయించమనీ, చూడటానికి ఎంత బాగున్నా పదేళ్లకు మించి వాడవద్దనీ పెద్ద కంపెనీలు చెబుతాయి. టైరు పక్కను వేలితో నొక్కి వంచి చూడండి. సన్నని పగుళ్లు విచ్చుకుంటే ఆ జతకు ఇక సెలవే.

ఈ వయసు సంగతి వల్లే కొత్తవి వెనక వేయడంలో మరో లాభం ఉంది. ప్రతిసారీ కొత్తవి ముందే వేసుకుంటూ పోతే ముందు జతలు రెండు మూడు మారుతాయి, వెనక మొదటి జతే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. గాడి లోతు ఉంటుంది కానీ రబ్బరు గట్టిపడి చెక్కలా అవుతుంది. తడి రోడ్డును పట్టుకోవాల్సిన చోట ఆ చెక్క ఉంటుంది. నేను చెప్పినట్టు చేస్తే పాతవి ముందుకు వచ్చి అరిగి దిగిపోతాయి, ఇప్పటి కొత్తవి రెండు మూడేళ్లలో ముందుకు వస్తాయి, మళ్లీ కొత్తవి వెనక ఎక్కుతాయి. ఏ టైరూ కారు మీద ముసలిది కాదు. డబ్బూ విడతలుగా కట్టినట్టు ఉంటుంది.

దుకాణానికి వెళ్లినప్పుడు ముందే స్పష్టంగా చెప్పండి: "వెనకవి ముందుకు, కొత్తవి వెనక్కి." రెండు చక్రాల పని నాలుగు చక్రాల పని అవుతుంది కాబట్టి కూలి కొంత ఎక్కువ అడగవచ్చు, ఇవ్వండి. జె.సి. రోడ్డుకు వెళితే వరసగా టైర్ల దుకాణాలే. ఒకరు కుదరదంటే పక్కవారు చేస్తారు. కొత్త జత రెండూ ఒకే కంపెనీవి, ఒకే నమూనావి, కారు పుస్తకంలో రాసిన కొలతవే అయి ఉండాలి. తయారీ తేదీ మీరే చదవండి. టైరు మీద తిరిగే దిశ చూపే బాణం ఉంటే అది ముందుకు తిరిగేలా బిగించారో లేదో చూడండి. పని అయ్యాక గాలి కొలత ముందు, వెనక వేరుగా సరిచేయించాలి. కొన్ని కార్లకు రెండింటికీ వేరు వేరు కొలతలుంటాయి. టైర్లు చోటు మారితే గాలీ మారాలన్నది చాలామంది మరచిపోతారు. కొలత డ్రైవరు తలుపు తెరిస్తే చట్రం మీద అంటించి ఉంటుంది. నిండా మనుషులు, సామాను ఉన్నప్పటి కొలత కూడా చాలా కార్లలో అక్కడే ఉంటుంది. చిత్తూరు వెళ్లే రోజు మీకు కావలసింది అదే. ఉదయం బయలుదేరే ముందు, టైర్లు చల్లగా ఉండగా కొట్టించండి.

దింపేసిన ముందు టైర్లను పారేసే ముందు ఒక్కసారి పరిశీలనగా చూడండి. అవి సమంగా అరిగాయా, ఒక అంచే ఎక్కువ అరిగిందా? లోపలి అంచో బయటి అంచో ఒక్కటే నున్నగా ఉంటే చక్రాలు నిలిచే కోణం, అంటే అలైన్‌మెంటు తప్పింది. మన నగరపు గుంతల్లో అది మామూలే. దాన్ని సరిచేయించకుండా వెనక టైర్లను ముందుకు తెస్తే అవీ కొద్ది నెలల్లో అదే దారి పడతాయి. రెండు అంచులూ అరిగి మధ్యలో బాగుంటే గాలి తక్కువగా నడిపారు. అలా నడపడమే మామగారు భయపడే పేలుడుకు మొదటి మెట్టు.

ఇకపై 8,000, 10,000 కిలోమీటర్లకు ఒకసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్పించమని ఎవరైనా చెబితే, ఇప్పుడు వద్దనండి. నాలుగూ ఒకేసారి కొత్తవి వేసినప్పుడు మొదటి నుంచీ చేయవలసిన పని అది. అలా చేస్తే నాలుగూ సమానంగా అరుగుతాయి, ఈ ప్రశ్నే రాదు. రెండు జతల మధ్య తేడా ఎక్కువగా ఉన్నంతకాలం లోతైన జత వెనకే ఉండాలి. నాలుగు చక్రాలకూ శక్తి అందే కారున్న పాఠకులకు మాత్రం ఒక మాట: మీకు ఈ రెండు రెండు పద్ధతి కుదరకపోవచ్చు, లోతుల్లో తేడా ఉంటే లోపలి పళ్లచక్రాల మీద భారం పడుతుంది. కారు పుస్తకం చూసి నడుచుకోండి.

వెనక భాగం జారకుండా ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి కాపాడే ఏర్పాటు ఇప్పుడు చాలా కార్లలో వస్తున్నది. మీ కారులోనూ ఉండవచ్చు. ఉంటే మంచిదే. కానీ అది పనిచేయాలన్నా టైరుకు రోడ్డు అందాలి కదా.

టైర్లు మార్చిన రోజే ఘాటుకు వెళ్లకండి. కొత్త టైరు పైపొర మొదట్లో నున్నగా ఉంటుంది, ఊళ్లోనే ఒకటి రెండు వందల కిలోమీటర్లు నెమ్మదిగా తిప్పండి. ఆ తర్వాత చక్రాల నట్ల బిగింపు మరోసారి చూపించండి. ఘాటు మొదలుకాక ముందే గేరు తగ్గించి, మలుపులోకి రాకముందే వేగం తగ్గించి దిగండి. ఒకవేళ డబ్బు సర్దుబాటు కాక ఈ నెల టైర్లు మార్చడమే కుదరలేదనుకోండి, ఇప్పుడున్న ముందు టైర్లతో వానలో ఆ ఘాటు దిగవద్దమ్మా. ఈ ఒక్కసారికి పిల్లల్ని తీసుకుని చిత్తూరు బస్సెక్కండి. కారును నెల రోజులు ఊళ్లోనే ఉంచండి.